నవ్వని పెళ్ళివారు

నవ్వమన్నారు, నవ్వుతున్నాను. పళ్ళు కొంచెం కనపడాలన్నారు, కనపడుతున్నాయనే అనుకుంటున్నాను, నా పళ్ళు నాకు కనపడవు కదా, ఎదుటివాళ్ళ ముఖాల్ని బట్టి తెలుసుకోవాలి, ఎదుట చూస్తే ముగ్గురు పిల్లలున్నారు, ఒక్కరూ నా వైపు చూడటం లేదు. పేజీలు అమర్చే కుర్రాడు కంప్యూటరులో తల దూర్చేశాడు, వాడిని జట్టులో కొలబద్ద అంటారు, గీతకీ గీతకీ మధ్య వెంట్రుకంత తేడా వచ్చినా ఆ పూట తిండి మానేసే రకం. అక్షరాలు ఏ రూపంలో ఉండాలో, ఎంత లావుండాలో చూసే పిల్ల కిటికీ పక్కన గోళ్ళు కొరుక్కుంటోంది. మా అమ్మాయి బోర్డుకి కాగితం బిగించుకుని ఒళ్ళో పెట్టుకుంది, నేను వచ్చి ఈ ఎత్తు స్టూలు ఎక్కినప్పటి నుంచి తల ఎత్తలేదు. చూడకుండా ఎలా గీస్తావే అని అడగాలని ఉంది, అడిగితే నవ్వు చెదిరిపోతుంది, చెదిరితే మళ్ళీ మొదటి నుంచి నవ్వుకుంటూ రావాలి. బుగ్గలు అప్పుడే పీకుతున్నాయి. పక్కన నిలబెట్టిన దీపం సెగ చెవికి తగులుతోంది, ఆ బల్బు పగిలితే గాజు ముక్కలు ముందు అక్షరాల పిల్ల మీదికి వెళ్తాయా, మా అమ్మాయి మీదికా, స్టూలుకేమో ఒక కాలు పొట్టిగా ఉంది, కుడి వైపు ఒరిగితే దీపం మీదే పడతాను, ఎడమ వైపు ఒరిగితే బల్ల అంచు. అందుకని ఎటూ ఒరగకుండా, పళ్ళు కొంచెం కనపడేలా, కూర్చున్నాను.

పెళ్ళి ఏర్పాట్లు ఎలా చేసుకోవాలో చెప్పే పుస్తకమట. కాగితం ఉండదు, ఫోనులో తెరుచుకుంటుంది, ఈ-బుక్ అంటారు. ఫోనులో చార్జింగు అయిపోతే పెళ్ళి మధ్యలో ఏం చేస్తారే అని అడిగాను, మా ఆయనకి నవ్వి నవ్వి పొలమారింది, మా అమ్మాయి మాత్రం అమ్మ చెప్పింది నిజమే అని అచ్చువేసుకునే పేజీలు కూడా పెట్టించింది. పెళ్ళిళ్ళ ఏర్పాట్లు చేసే కంపెనీ ఆవిడ కాలేజీకి వచ్చి అడిగిందట, మాకో పుస్తకం చేసిపెట్టండి, పిల్లలకి పని నేర్చుకున్నట్టూ ఉంటుందని. మేడం ఈ ముగ్గురికీ అప్పగించారు. మనుషుల బొమ్మలు మా అమ్మాయివి. బొమ్మలకి మనుషులు కావాలి, అడగ్గానే నిలబడేవాళ్ళు, ఎంతసేపైనా కదలనివాళ్ళు, కాలు తిమ్మిరెక్కినా ఊరుకునేవాళ్ళు, అలాంటి మనిషి ఇంట్లో ఒకతే ఉంది. అట్లా మొదలైంది. సెలవురోజు వంటగదిలో పొయ్యి కట్టేసి, చీపురు పట్టుకుంటే అది పూలగుత్తి, నేను పెళ్ళికూతుర్ని. మా ఆయన కోటు తొడుక్కుంటే పెళ్ళికొడుకుని. గరిటె పట్టుకుంటే వంటవాణ్ణి, చపాతీ కర్ర నోటి దగ్గర పెట్టుకుంటే సన్నాయి ఊదేవాణ్ణి, వీపు వంచితే అమ్మమ్మని, రెండు కాళ్ళూ దగ్గర పెట్టుకుని ముక్కు ఎగబీల్చితే చిన్నపిల్లని కూడా. మా ఆయన గుమ్మంలో నిలబడి, 'ఆ పెళ్ళికొడుకు నాకంటే బాగున్నాడే, వాణ్ణే చేసుకోవాల్సింది' అనేవాడు. ముఖం మాత్రం నాది పెట్టకమ్మా అని బతిమాలాను. ముఖం కాదమ్మా, నిలబడిన తీరు ఒక్కటే తీసుకుంటాను అంది. అనడమే, తీరా చూస్తే ముఖాలన్నీ నావే.

కొలబద్ద ఒకరోజు మా అమ్మాయి కోసం ఫోను చేశాడు, అది స్నానానికి వెళ్ళింది, వాడికి నోట్లో మాట ఆగదు. 'కంపెనీ ఆవిడ బొమ్మలన్నీ చూసి ఏమన్నదో తెలుసా ఆంటీ. వీళ్ళు పెళ్ళికి వచ్చారా, ఆస్పత్రి వరండాలో కూర్చున్నారా, ఎవరికి సీరియస్సు, అన్నది' అని పకపకా నవ్వాడు. నవ్వి, ఆ ముఖాలు ఎవరివో అప్పుడు తట్టినట్టుంది, 'అంటే మీరని కాదు ఆంటీ' అన్నాడు. ఫోను పెట్టేసి అద్దం దగ్గరికి వెళ్ళాను. నిజమే. అక్కడ ఎవరికో సీరియస్సుగానే ఉంది. ఇవాళ సాయంత్రం లోపల ముఖాలన్నీ నవ్వుముఖాలు చేసి ఇవ్వాలట, ఇవ్వకపోతే ఎక్కడో అమ్మే రెడీమేడ్ బొమ్మలు కొనుక్కొచ్చి పెట్టుకుంటారట, పేజీలు బాగున్నాయి కాబట్టి మిగతా ఇద్దరి పేర్లూ పుస్తకంలో ఉంటాయి, మా అమ్మాయి పేరు ఉండదు, కంపెనీ తీసుకోని పనికి పాసు లేదట, ఈ చదువు వచ్చే ఏడాది మళ్ళీ మొదటి నుంచి చదవాలట. నా ముఖం వల్ల. మనిషి ముఖం వల్ల పిల్ల చదువు ఆగిపోవడం ఎక్కడైనా విన్నామా. నేను వచ్చి నవ్వుతానే, చూసి మార్చుకో అన్నాను. నువ్వు రాకు అంది. ఎందుకే అంటే రాకు అంతే అంది. దాంతో మేడంకి నేనే ఫోను చేసి చెప్పాను, చాలా మంచి ఆలోచన అన్నారు ఆవిడ. బస్సులో కిటికీ అద్దంలో చూసుకుంటూ నవ్వడం అలవాటు చేసుకున్నాను, ఎదుటి సీటాయన తనని చూసే అనుకుని మొదట తనూ నవ్వాడు, నేను ఆపకపోయేసరికి లేచి వెనక సీటుకి వెళ్ళిపోయాడు.

'ఇంకొంచెం వదులుగా ఆంటీ' అంటున్నాడు కొలబద్ద, తిరక్కుండానే. వదులుగా అంటే పెదాలు వదలాలి. నా పెదాలు నా మాట వినడం ఎప్పుడో మానేశాయి. యూనిఫారాలు కుట్టే చోట నా పని, అంచులు మడిచి గుండుసూదులు గుచ్చడం, రెండు చేతులూ గుడ్డ మీద ఉంటాయి కాబట్టి సూదులు పెదాల మధ్య పెట్టుకోవాలి, పొద్దున బిగించిన పెదాలు మధ్యాహ్నం తిండికి వదలాలి, మళ్ళీ బిగించాలి. నోట్లో సూదులుండగా నవ్వకూడదు, తుమ్మకూడదు, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. పక్క మిషను ఆవిడ కావాలని జోకులు వేసేది, సూపర్‌వైజరు నడక అనుకరించి చూపించేది, నేను కళ్ళతోనే నవ్వి ఊరుకునేదాన్ని. కళ్ళతో నవ్వడం వచ్చు నాకు. అది ఎవరికీ కనపడదు, మా అమ్మాయికి తప్ప. చిన్నప్పుడు నా ముందుకొచ్చి కనుబొమల మధ్య వేలు పెట్టి, 'అమ్మా, లోపల నవ్వుతున్నావు' అనేది. ఇప్పుడు నా పళ్ళు బయటికి వచ్చాయి, కళ్ళలో మాత్రం ఏమీ లేదు, అది నాకే తెలుస్తోంది, అందుకేనా అది తల ఎత్తనిది. లేక కోపమా. రావద్దంటే వచ్చానని. కోపం వస్తే దానికి ఆకలి వేయదు, ఆకలి వేయకపోతే తలనొప్పి, తలనొప్పితో బస్సు దిగుతుంటే వెనక నుంచి బండి. ఆగు. నవ్వు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. చీకటి గొయ్యిలో ఇనుప తాళ్ళ మధ్య నిలబడి పని. రోజూ పొద్దున ఆయన గడప దాటగానే నా కళ్ళముందు ఆ తాడు తెగుతుంది, సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే అతుక్కుంటుంది. 'ఏమే, ఇవాళ నన్నెలా చంపావు' అంటాడు చెప్పులు విప్పుతూ. గొయ్యిలో పడ్డావు అంటాను. 'నిన్నా అదేగా, కొత్తగా ఏదైనా ఆలోచించకూడదూ.' పిల్లకి ఈత నేర్పించిన రోజుల్లో అందరి అమ్మలూ బయట బెంచీల మీద కబుర్లు చెప్పుకుంటుంటే నేను నీటి అంచున, ఒక చేత్తో తువ్వాలు, ఒక చేత్తో తాడు పట్టుకుని నిలబడేదాన్ని, ఈత మాస్టారు, 'అమ్మా, మీకు ఈత వచ్చా' అని అడిగాడు, రాదన్నాను, 'మరి దూకి ఏం చేస్తారు' అన్నాడు. దూకుతానని ఎవరన్నారు, తాడు విసురుతాను. మా అత్తగారు పోయేదాకా నన్ను ముందే ఏడ్చే కోడలు అనే పిలిచారు. అందరూ ఒక్క మాటే. ఊరికే భయపడతావు, ఏమైంది చెప్పు, ఏమీ కాలేదుగా. అవును, ఏమీ కాలేదు. నా భయాల్లో ఒక్కటీ నిజం కాలేదు, అందుకే నన్ను చూసి నవ్వుతారు. నిజం కాకపోవడమే కదా నాకు కావలసింది. ప్రతి సాయంత్రమూ తాడు అతుక్కుందంటే గెలిచింది ఎవరు. ఇంతమందిలో ఇన్నేళ్ళలో ఒక్కరైనా, అమ్మయ్యా, ఇవాళ కూడా నీ భయం తప్పయింది, సంతోషం అన్నారా. నవ్వారు. ఆ నవ్వే ఇప్పుడు నా ముఖానికి అతికించాలని చూస్తున్నారు.

మా పెళ్ళి ఫోటో ఒక్కటే. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెడుతున్నప్పుడు తీసింది. ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు, ఆయన నవ్వాడు, సాక్షులు నవ్వారు, నేను మాత్రం పక్కకి చూస్తున్నాను, నొసలు ముడేసుకుని. ఆ ఫోటో చూసిన ప్రతివాళ్ళూ మెల్లగా అడుగుతారు, ఇష్టం లేని పెళ్ళా అని. మా పక్కింటావిడ అయితే నా చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. ఆ ఫోటోలో కనపడనిది ఏమిటంటే, బల్ల అంచున మూత తీసిన సిరా సీసా ఉంది, దాని పక్కనే ఆయన మోచెయ్యి, అరువు తెచ్చుకున్న తెల్ల చొక్కా. నేను దాన్నే చూస్తున్నాను. ఇష్టం లేకపోతే ఆ సిరా ఒలికితే నాకేం. ఇష్టం లేని మనిషి హాయిగా కెమెరా వైపు తిరిగి నవ్వుతుంది, ఆవిడకేం పోయింది. అంత ఇష్టంగా నేను ఆ రోజు తప్ప ఎప్పుడూ ఎటూ చూడలేదు. ఈ మాట పక్కింటావిడకి చెప్పాలనుకున్నాను, నోట్లో సూదులున్నట్టే ఊరుకున్నాను.

మెడ పట్టేస్తోంది. తల కదపకూడదు, కళ్ళు కదపవచ్చు. ఎదురు గోడ మీద పేజీలన్నీ వరసగా అంటించి ఉన్నాయి, రంగులు చూసుకోవడానికట. ఇంట్లో ఒక్కో బొమ్మా విడిగా చూశాను గానీ ఇలా కలిపి చూడటం ఇదే. గోడ నిండా నేనే. పెళ్ళికూతురు నేను, పెళ్ళికొడుకు నేను, ఆ వంటవాడూ నేనే, నిచ్చెనెక్కి దీపాలు కట్టేవాడికి కూడా నా పెదాలే, సూదులు పట్టుకున్న పెదాలు. ఏ కంపెనీ ఒప్పుకుంటుంది, ఎవరు ఒప్పుకుంటారు. వాటి పక్కనే రెడీమేడ్ బొమ్మలు నమూనాకి అంటించారు, ఇలా ఉండాలి ముఖాలు అని. వాటిలో అందరూ మన వైపు తిరిగి నవ్వుతున్నారు, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, ఆడపడుచులు, మామగారు, ఎంత తెల్లని పళ్ళో. వాళ్ళ వెనకాల మెట్ల మీద ఒక పిల్లవాడు చేతులు చాచి పరిగెత్తుతున్నాడు. ఒక్కరూ వాణ్ణి చూడటం లేదు. అందరూ నన్నే చూసి నవ్వుతున్నారు. ఒరే, వెనక్కి తిరగండిరా, వాడు పడతాడు. తిరగరు. అలాగే నవ్వుతుంటారు.

మళ్ళీ మా అమ్మాయి గోడ వైపు చూశాను. ఇక్కడా మెట్లున్నాయి, ఇక్కడా పిల్ల పరిగెత్తుతోంది, మెట్ల కింద అమ్మమ్మ రెండు చేతులూ సగం ఎత్తి ఆ పిల్ల పాదాలనే చూస్తోంది. వంటవాడు ఆకాశం వైపు చూస్తున్నాడు, మబ్బు పట్టింది. నిచ్చెన మీదివాడు తన కాళ్ళ కింద కుర్చీ జరుపుతున్న ముసలాయన్ని చూస్తున్నాడు. సన్నాయి ఊదేవాడు కూడా ఊదుతూనే ఓర కంటితో దీపం పక్కన వేలాడే తెర గుడ్డని చూస్తున్నాడు. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి చెప్పు మడమ వైపు, అది ఊడేలా ఉంది. పెళ్ళికూతురు, చీపురు పట్టుకున్న నేను, అతని చొక్కా చేతి వైపు. ఎవరూ మన వైపు చూడటం లేదు, ఎవరికీ తీరిక లేదు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. నీ ముఖం బొమ్మల్లోకి దిగిపోయిందమ్మా, నాకు తెలియకుండానే వచ్చేసింది అని చెప్పిందే ఈ పిల్ల, తెలియకుండా వచ్చే పని కాదిది. ఎవరు దేన్ని చూడాలో ఒక్కొక్కటీ కూర్చుని అమర్చింది. ఈ పెళ్ళికి ఏమీ కాదు. ఆ తెర అంటుకోదు, ఆ పిల్ల పడదు, వాన వచ్చినా భోజనాలు తడవవు. ఇంతమంది నేనుండగా ఏమవుతుంది.

నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు. పెదాలు వాటి చోటికి అవి వెళ్ళిపోయాయి, ఎంత హాయిగా ఉందో. స్టూలు దిగాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి, బల్ల పట్టుకుని నిలబడి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను, ఇంతసేపూ ఏం గీసిందో చూద్దామని. కాగితం తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు.

"ఏమే, ఇంతసేపూ ఏం చేస్తున్నావు?"

"నువ్వు ఎప్పుడు దిగుతావా అని ఎదురుచూస్తున్నాను" అంది. "నేను దిగమంటే దిగవుగా."

"దిగకపోయి ఉంటే?"

"కూర్చునేదాన్ని."

మేడం తలుపు తోసుకుని వచ్చారు, వెనకాల కంపెనీ ఆవిడ. చక్కటి మనిషి, మర్యాదగానే ఉంది, రాగానే నాకు నమస్కారం పెట్టింది. "మీరేనా అమ్మా? పాపం, చాలాసేపు కూర్చోబెట్టేశారు. నవ్వు వచ్చిందా?"

"వచ్చిందండీ. పోయింది."

ఆవిడ మేడం వైపు చూసింది. మేడం నా వైపు చూశారు. "మీరే కదమ్మా ఫోను చేసి వస్తానన్నది? ఇప్పుడిలా అంటే ఎలా, అమ్మాయి సంగతి ఆలోచించారా" అన్నారు. ఆలోచించడం ఒక్కటే కదండీ నేను చేసేది అని మనసులో అనుకున్నాను.

"ఈ ముఖాలు మార్చదండీ మా అమ్మాయి" అన్నాను కంపెనీ ఆవిడతో. "మార్చక్కర్లేదు కూడా. వాళ్ళకేం బాధ లేదు. పనిలో ఉన్నారు."

ఆవిడ గోడ దాకా వెళ్ళి, ఒక్కో పేజీ దగ్గరా ఆగి చూసింది. నిజంగానే చూసింది, ఆ మాట ఒప్పుకోవాలి. పెళ్ళికూతురి దగ్గర ఎక్కువసేపు నిలబడింది. ఒప్పుకుంటుందేమోనని ఒక క్షణం నాకు ఆశ కూడా పుట్టింది. "బాగుందమ్మా, చాలా బాగా గీసింది" అంది. "కానీ నేను అమ్మేది సంతోషం. ఫోను తెరవగానే నవ్వు కనపడాలి. ఈ బొమ్మలు నాకు పనికిరావు. ఈ అబ్బాయి పేరూ, ఈ అమ్మాయి పేరూ ఉంటాయి. మీ అమ్మాయి పేరు తీసేస్తాం. సరేనా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఇలాంటి చోట్ల, బడి ఆఫీసులో, ఆస్పత్రి కిటికీ దగ్గర, సూపర్‌వైజరు బల్ల ముందు, అడగడం పూర్తికాకముందే సరేనండీ అనడం నాకు అలవాటు. సరేనంటే తొందరగా బయటపడతాం, బయటపడితే బస్సు దొరుకుతుంది. వచ్చే ఏడాది ఏమవుతుందో, అప్పటికి వేరే మేడం వస్తే, ఆవిడకి ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, ఈ పిల్లకి చదువు మీదే విరక్తి పుడితే. అన్నీ కళ్ళముందు కనపడుతున్నాయి, ఎప్పటిలాగే. కనపడనీ.

"సరే కాదండీ" అన్నాను. "పేరు తీసేసుకోండి, మీ పుస్తకం, మీ ఇష్టం. సరే అని మాత్రం నేను అనను. బొమ్మలు మావి, పట్టుకెళ్తాం."

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ మొదటి నుంచి చదవాలమ్మా" అంది, నాకు మాత్రమే వినపడేలా. ఇంతసేపూ బండలా కూర్చున్న పిల్ల, ఇప్పుడు భయపడుతోంది.

"చదువు."

"మళ్ళీ ఇలాగే అయితే?"

"మళ్ళీ నిలబడతాను. ఈసారి పెళ్ళికొడుకు కోటు కూడా కుట్టుకుంటాను నా కొలతకి, మీ నాన్నది భుజాల దగ్గర జారిపోతోంది."

మేడం, కంపెనీ ఆవిడ వెళ్ళిపోయారు. కొలబద్ద లేచి నిలబడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి. "ఆంటీ, నా పేరు కూడా తీసేయమంటాను" అన్నాడు.

"నోరుమూసుకుని పాసవ్వు" అన్నాను. "మీ అమ్మ వచ్చి నన్ను తిడితే ఎవరు పడతారు."

"మా అమ్మ ఎలాగూ తిడుతుందాంటీ. నాకు మార్కులొచ్చినా తిడుతుంది." అక్షరాల పిల్ల ఫక్కున నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది, తర్వాత లేచి కింది వరస పేజీలు ఒక్కొక్కటీ మూలలు చిరగకుండా గోడ నుంచి విడదీయడం మొదలుపెట్టింది. మా అమ్మాయి వాటిని అందుకుని బల్ల మీద వరసగా పేరుస్తోంది. పెళ్ళికూతురు పేజీ అన్నిటికంటే పైన ఉంది, ఎవరికీ అందదు. కొలబద్ద కుర్చీ లాగి, అది చాలకపోతే కుర్చీ మీద నా స్టూలు పెట్టి, నేను వద్దనేలోపల పైకెక్కేశాడు. నేను వెళ్ళి రెండు చేతులతో స్టూలు కాళ్ళు బిగించి పట్టుకుని, వాడి మడమల వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఏం పడన్లెండి ఆంటీ" అన్నాడు పైనుంచి.

"పడవు" అన్నాను. "నేను పట్టుకున్నాను కాబట్టి పడవు."